కుడిచేతికి ఆపరేషన్, ఎడమచేతికి ఇంజెక్షన్: రెండూ అయ్యాక రాస్తున్నా

రాత్రి రెండింటికో మూడింటికో చెయ్యి మొద్దుబారి మెలకువ వచ్చి, మంచం మీద కూర్చుని చెయ్యి విదిలించుకునే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను అలా ఏడాదికి పైగా లేచాను. కావలిలో ఇరవై రెండేళ్లుగా జాకెట్లు కుడుతున్నా. కత్తెర, హెమ్మింగ్, హుక్కులు, కాజాలు, అన్నీ కుడిచేతి పనే. నాకు వచ్చింది కార్పల్ టన్నెల్ సిండ్రోమ్, అంటే మణికట్టులో నరం నొక్కుకుపోవడం, అని తేలడానికి మూడు చోట్ల తిరిగాను, డబ్బు పోయింది, దానికన్నా ఎక్కువగా కాలం పోయింది. ఇప్పుడు కుడిచేతికి ఆపరేషన్ అయి పది నెలలు, ఎడమచేతికి ఇంజెక్షన్ వేయించుకుని ఆరు నెలలు. "ఇంజెక్షన్ మంచిదా, ఆపరేషన్ మంచిదా" అని మా వీధిలోనే నలుగురు అడిగారు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఉన్నదంతా ఒక్కచోట రాస్తున్నా. ఆసుపత్రుల పేర్లు, డాక్టర్ల పేర్లు రాయను.

2023 దసరా టైములో మొదలైంది. ముందు వేళ్ల చివర్లలో చీమలు పాకినట్టు ఉండేది. తర్వాత సూదిలో దారం ఎక్కించేటప్పుడు సూది చేతిలో ఉందో జారిందో తెలిసేది కాదు. బండి మీద వెళ్తుంటే, ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే తిమ్మిరెక్కేది. అన్నిటికన్నా కష్టం రాత్రిళ్లు. మా ఊళ్లో మొదట చూసినాయన "నరాల బలహీనతమ్మా" అని రోజు విడిచి రోజు బలం సూదులు పది వేశారు. తగ్గలేదు. ఇంకోచోట మెడకి ఎక్స్‌రే తీసి, ఎముకలు అరిగాయని చెప్పి మెడపట్టీ ఇచ్చారు. నా వయసు నలభై ఎనిమిది, వంగి కుట్టే పని, ఎక్స్‌రేలో ఎంతో కొంత అరుగుదల కనపడకుండా ఎలా ఉంటుంది? రెండు నెలలు ఆ పట్టీ వేసుకునే మిషన్ తొక్కాను. ఈ రెండు చోట్లా ఒక్కరు కూడా నా చెయ్యి పట్టుకుని చూడలేదు.

మూడో చోట, నెల్లూరులో, ఎముకల డాక్టరు ఒకాయన మణికట్టు మీద వేలితో తట్టి, జివ్వుమని కరెంటు కొట్టినట్టు అనిపించిందా అని అడిగి, ఇది మణికట్టులో నరం నొక్కుకుపోవడం అన్నారు. అంతవరకు ఆయన చెప్పింది సరైనదే. వెంటనే కుడిచేతికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేశారు. 2024 ఫిబ్రవరి, మాఘమాసం పెళ్లిళ్లు ముంచుకొచ్చి నా దగ్గర నలభై జాకెట్లు ఉన్నాయి. సూది నొప్పి పర్లేదు, భరించగలం, లోపల మందు ఎక్కేటప్పుడు బరువుగా ఒత్తినట్టు ఉంటుంది. ఆ రాత్రీ మర్నాడూ చెయ్యి ఇంకా ఎక్కువ నొప్పెట్టింది. నాలుగో రోజు రాత్రి పడుకున్నదాన్ని పొద్దున పాలవాడు పిలిచేదాకా లేవలేదు. నాకు ఏడుపొచ్చింది. అన్ని నెలల తర్వాత ఒక నిద్ర. కాబట్టి ఇంజెక్షన్ దండగ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ సీజన్ మొత్తం నా ఇల్లు నడిచింది దాని వల్లే.

కానీ నాకు షుగర్ ఉంది. ఉందా అని అక్కడ ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు, చేతికి వేసే సూదికీ షుగర్‌కీ సంబంధం ఉంటుందని నాకేం తెలుసు. పరగడుపున 140 దగ్గర ఉండేది మూడో రోజుకి 260 దాటింది. గొంతెండిపోయి, ఊరికే బాత్రూముకి లేస్తుంటే మా ఆయన భయపడి పరీక్ష చేయించారు. వారానికి దానంతట అదే దిగింది. స్టెరాయిడ్ ఎక్కడ వేసినా కొంత రక్తంలోకి వెళ్తుందనీ, షుగర్ ఉన్నవాళ్లకి కొన్ని రోజులు పెరుగుతుందనీ, ముందే తెలిస్తే రోజూ చూసుకుంటూ మందు సర్దుకోవచ్చనీ తర్వాత తెలిసింది. అక్కడ ఒక్క మాట చెప్పి ఉంటే ఆ వారం అంత టెన్షన్ పడేవాళ్లం కాదు.

నాలుగు నెలలకి మళ్లీ మొదలైంది. ఆషాఢం చివర్లో, శ్రావణం గిరాకీ మొదలవకముందే రెండో ఇంజెక్షన్ వేయించుకున్నా. ఈసారి వినాయక చవితి దాకా కూడా ఆగలేదు, ఆరు వారాలు, అంతే. పైగా సూది గుచ్చిన చోట రూపాయి బిళ్లంత మేర చర్మం తెల్లబడి, కొంచెం గుంటపడింది. బొల్లి వచ్చిందేమోనని మా అత్తమ్మ ఒకటే బాధపడింది. అది బొల్లి కాదు. స్టెరాయిడ్ చర్మం కింద పైపైన మిగిలిపోతే అక్కడ రంగు, కొవ్వు తగ్గుతాయి, మనలాంటి చామనఛాయ వాళ్లకి బాగా కనపడుతుంది, నెలల తరబడి ఉండి మెల్లగా కలుస్తుంది. నాది ఏడాది దాటాక కలిసింది. మళ్లీ వెళ్తే ఆయన చెయ్యి చూడకుండానే "మూడోది వేద్దాం" అని చీటీ రాశారు. నరాల పరీక్ష మాట ఎత్తలేదు. నేను ఆ చీటీ తీసుకుని బయటికి వచ్చేశాను.

మా అమ్మాయి నెల్లూరులో బీఫార్మసీ చదువుతోంది. అది పట్టుబట్టి అక్కడే పొగతోటలో చేతి ఆపరేషన్లు ఎక్కువగా చేసే ఒక సర్జన్ దగ్గరికి తీసుకెళ్లింది. కార్తీక మాసం, సోమవారం, ఉపవాసంతో వెళ్లాను, అది పొరపాటు. టోకెన్ పద్ధతి అని పేరే గానీ మధ్యాహ్నం ఒంటిగంటకి పిలిచారు, కూర్చోడానికి కుర్చీలు చాలవు, మంచినీళ్ల డబ్బా ఖాళీ. ఈ విషయంలో ఆ ఆసుపత్రి మారాలి, షుగర్ వాళ్లు ఎంతోమంది వస్తారు అక్కడికి.

లోపలికి వెళ్లాక మాత్రం నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. మొదటి ప్రశ్నే "చిటికెన వేలు కూడా తిమ్మిరెక్కుతుందామ్మా?" అని. అప్పటిదాకా నేను గమనించలేదు. బొటనవేలు, చూపుడు, మధ్య వేలు, ఉంగరం వేల్లో బొటనవేలి వైపు సగం, ఇంతే. చిటికెన వేలికి ఏమీ లేదు. దానికి వేరే నరం వెళ్తుందట, మణికట్టు సొరంగంలోంచి వెళ్లేది మీడియన్ నరం ఒక్కటేనట. తర్వాత నమస్కారాన్ని తిరగేసినట్టు రెండు అరచేతుల వెనక వైపులు ఆనించి, వేళ్లు కిందికి పెట్టి ఒక నిమిషం ఉంచమన్నారు. అర నిమిషానికే కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కాయి, ఎడమ చేతికి నిమిషం చివర్లో కొంచెం. ఆ తర్వాత నా రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి బొటనవేలి మొదట్లో ఉండే కండ చూపించారు. ఎడమచేతికి ఉబ్బుగా ఉంది, కుడిచేతికి పల్లం పడింది. రోజూ ఆ చేత్తోనే పని చేస్తూ నేను చూసుకోలేదు. "ఇది తగ్గడం మొదలైందంటే సూదులతో కాలం గడపకూడదమ్మా" అన్నారు.

నరాల పరీక్ష అదే రోజు చేశారు, రెండున్నర వేలు. వేళ్లకి, చేతికి తీగలు అతికించి చిన్న చిన్న షాకులు ఇస్తారు, ఉలిక్కిపడతాం గానీ తట్టుకోలేనిదేం కాదు. సంకేతం మణికట్టు దాటడానికి ఎంత ఆలస్యమవుతుందో, ఎంత బలంగా దాటుతుందో దాంట్లో తెలుస్తుంది. కుడిచెయ్యి తీవ్రం, ఎడమచెయ్యి స్వల్పం అని వచ్చింది. థైరాయిడ్ కూడా చూశారు, ఎందుకంటే అది తక్కువగా ఉన్నా, షుగర్ ఉన్నా, కీళ్లవాతం ఉన్నా ఈ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ, మగవాళ్లకన్నా ఆడవాళ్లకి ఎక్కువ.

ఆయన చెప్పింది నాకు నా పనిలోంచే అర్థమైంది. లంగాకి నాడా దూర్చే మడత ఉంటుంది కదా, మణికట్టు దగ్గర అలాంటి ఒక దారి. కింద వైపు ఎముకలు, పైన అడ్డంగా గట్టి పట్టీ లాంటి బంధనం (లిగమెంట్). ఆ దారిలోంచి వేళ్లని ముడిచే తాళ్లలాంటి స్నాయువులు తొమ్మిది, వాటితోపాటు ఆ ఒక్క నరం వెళ్తాయి. స్నాయువుల చుట్టూ ఉండే పొర ఉబ్బితే దారి ఇరుకై, అన్నిట్లోకీ మెత్తనిదైన నరం నలుగుతుంది. నిద్రలో మణికట్టు ముడుచుకుని పడుకుంటాం, అప్పుడు ఇంకా ఇరుకు, అందుకే రాత్రి బాధ. స్టెరాయిడ్ చేసేది ఆ వాపు తగ్గించడం. మడత వెడల్పు మాత్రం అంతే ఉంటుంది. ఆపరేషన్‌లో పైన ఉన్న పట్టీని కత్తిరించి వదిలేస్తారు, అంటే మడత కుట్టు విప్పినట్టు. తర్వాత అది వదులుగా అతుక్కుంటుంది, దారి వెడల్పు అవుతుంది.

ఇంటికొచ్చాక మా అమ్మాయి కూర్చుని పరిశోధనలు వెతికి నాకు తెలుగులో చెప్పింది, ఆపరేషన్ అయ్యాక కొత్తగా వచ్చినదాన్ని కూడా చదివి చెప్పింది. 2013లో స్వీడన్ వాళ్లు 111 మందికి చేశారు. అందరూ మణికట్టు ముడుచుకోకుండా కట్టుకునే పట్టీ వాడి తగ్గనివాళ్లే. కొందరికి 80 మిల్లీగ్రాముల స్టెరాయిడ్, కొందరికి 40, కొందరికి స్టెరాయిడ్ లేని ఉత్త సూది. పది వారాలకి స్టెరాయిడ్ వాళ్లు బాగా తేరుకున్నారు. కానీ ఏడాది తిరిగేసరికి 80 మిల్లీగ్రాముల వాళ్లలో నూటికి 73 మంది, 40 వాళ్లలో 81 మంది, ఉత్త సూది వాళ్లలో 92 మంది ఆపరేషన్‌కే వెళ్లారు. 2018లో ఇంగ్లండు వాళ్లు తీవ్రం కాని వాళ్లని తీసుకుని ఒక్క ఇంజెక్షన్‌ని రాత్రి పట్టీతో పోల్చారు. ఆరు వారాలకి ఇంజెక్షనే మేలు, ఆరు నెలలకి రెండిటికీ తేడా లేదు. కొత్తది 2025లో లాన్సెట్ పత్రికలో వచ్చింది, నెదర్లాండ్స్‌లో 31 ఆసుపత్రులు, 934 మంది. ముందు ఆపరేషన్‌తో మొదలుపెట్టిన వాళ్లలో ఏడాదిన్నరకి నూటికి 61 మంది కోలుకున్నారు, ముందు ఇంజెక్షన్‌తో మొదలుపెట్టిన వాళ్లలో 45 మంది. తర్వాత కావాలంటే ఇంకో వైద్యం చేయించుకోవచ్చనే వెసులుబాటు రెండు వైపులా ఉంది.

ఈ అంకెలు విని మా ఆయన "అయితే అందరూ ఆపరేషనే చేయించుకోవాలి కదా" అన్నారు. నాకలా అనిపించలేదు. ఇంజెక్షన్‌తో మొదలుపెట్టి కూడా 45 మంది బాగుపడ్డారు, వాళ్లలో కోత లేకుండానే గట్టెక్కినవాళ్లు ఉంటారు. అలాగే ఆపరేషన్ చేయించుకున్నా పూర్తిగా తగ్గనివాళ్లు 39 మంది ఉన్నారు. ఎంత ముదిరాక వెళ్లాం అన్నదాని మీద ఉంది చాలావరకు. నా కుడిచెయ్యి ముదిరిపోయింది. ఎడమది ముదరలేదు. నా ఒక్క ఒంట్లోనే రెండు రకాలూ ఉన్నాయి.

ఆపరేషన్‌కి ముందు షుగర్ తగ్గించుకు రమ్మన్నారు. మూడు నెలల సగటు (HbA1c పరీక్ష) 8.1 ఉంటే 7.2కి తెచ్చాను. ఇంజెక్షన్‌కీ కోతకీ మధ్య ఎడం ఉండాలని కూడా చెప్పారు, వెంటవెంటనే అయితే చీము పట్టే భయం ఎక్కువట. సంక్రాంతి అయ్యాక, పుష్యమాసంలో ముహూర్తాలు ఉండవు కాబట్టి అప్పుడు పెట్టుకున్నాను. మొత్తం మందులతో కలిపి ఇరవై నాలుగు వేలు అయింది. ముందు చెప్పిన లెక్కకీ బిల్లుకీ తేడా రాలేదు, ఇది గట్టిగా మెచ్చుకోవాలి.

పూర్తి మత్తు లేదు. అరచేతిలో సూదితో మొద్దుబార్చి అరగంట కూర్చోబెట్టారు. భుజానికి బిగించే పట్టీ కూడా కట్టలేదు, ఆ మందులోనే రక్తం తక్కువ కారేలా చేసేది కలుపుతారట. అడ్డంగా గుడ్డ కట్టారు కాబట్టి కోత కనపడలేదు. లాగినట్టు తెలుస్తుంది, నొప్పి తెలియదు. డాక్టరుగారు మధ్యలో "ఏం కుడతావమ్మా, బోట్ నెక్కా?" అని మాట్లాడుతూనే ఉన్నారు. పదిహేను నిమిషాలు పట్టింది. సాయంత్రం రైలుకి కావలి వచ్చేశాం. కెమెరా పెట్టి చిన్న రంధ్రంతో చేసే పద్ధతి కూడా ఉందని చెప్పారు, దాంట్లో పనికి కొంచెం త్వరగా తిరిగి రావచ్చు, ఆ తర్వాత రెండూ ఒకటేనట. నాకు కోత పద్ధతే చేశారు, అరచేతి మొదట్లో మూడు సెంటీమీటర్ల గాటు.

ఆ రాత్రే తిమ్మిరితో లేవలేదు. కోత నొప్పితో లేచాను గానీ, తిమ్మిరి లేదు. ఆ తేడా అనుభవించిన వాళ్లకే తెలుస్తుంది.

చెయ్యి గుండెకన్నా ఎత్తులో పెట్టుకోమన్నారు, మొదటి రోజు నుంచే వేళ్లు ముడుస్తూ చాస్తూ ఉండమన్నారు. ఇంట్లో పత్యం గొడవ. వంకాయ వద్దు, గోంగూర వద్దు, చేపల పులుసు అసలే వద్దు, చీము పడుతుందని మా అత్తమ్మ. డాక్టరుగారిని అడిగితే పత్యం ఏమీ లేదు, చేపలు, గుడ్లు బాగా తినమన్నారు. పన్నెండో రోజు కుట్లు తీశారు.

ఇక్కడ నా ఫిర్యాదు ఒకటుంది, ఎక్కువమందికి చెప్పరనిపిస్తోంది కాబట్టి వివరంగా రాస్తున్నా. తిమ్మిరి పోయింది గానీ అరచేతి మొదట్లో, గాటుకి రెండు పక్కలా, మంచం మీద ఆనించి లేవబోతే ప్రాణం పోయేంత నొప్పి. కత్తెర పట్టి గుడ్డ కోస్తే అదే చోట. ఏదో తేడా చేశారని నెలరోజులు మథనపడ్డాను. అడిగితే, పట్టీ కత్తిరించాక చాలామందికి ఇలా ఉంటుంది, రెండు మూడు నెలల్లో తగ్గుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది అన్నారు. ముందే కాగితం మీద రాసిచ్చి ఉంటే బాగుండేది. గాటు మీద కొబ్బరినూనెతో మసాజ్ చేసుకోమని కూడా కుట్లు తీసిన రోజు కాదు, నేను ఫోను చేస్తే చెప్పారు. ఏడు వారాలు కత్తెర ముట్టలేదు. మాఘం గిరాకీ అంతా పక్క వీధి వాళ్లకి పోయింది. పట్టు మునుపటిలా రావడానికి మూడున్నర నెలలు పట్టింది. చేతి పని మీద బతికేవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి, ఆపరేషన్ ఖర్చు కన్నా నాకు ఆ ఏడు వారాలే బరువయ్యాయి.

పల్లం పడిన కండ పూర్తిగా తిరిగి రాలేదు. చూపుడు వేలి కొసలో కొంచెం మొద్దుతనం ఇంకా ఉంది. రెండో ఇంజెక్షన్ బదులు అప్పుడే నరాల పరీక్ష రాసి ఉంటే ఈ నష్టం కూడా మిగిలేది కాదేమో అని బాధ ఉంది నాకు.

ఎడమచేతి సంగతి. 2025 మేలో రాత్రిళ్లు అదీ మొదలుపెట్టింది. ఈసారి ఇదే డాక్టరు దగ్గర, షుగర్ చూసి, స్కానింగ్‌లో నరం ఎక్కడుందో చూస్తూ ఒకే ఒక్క ఇంజెక్షన్ వేశారు, పద్దెనిమిది వందలు. వారంపాటు రోజూ షుగర్ చూసుకోమని చెప్పి పంపారు, 190 దాటలేదు. మచ్చ పడలేదు. దాంతోపాటు మణికట్టు నిటారుగా ఉంచే పట్టీ రాత్రిళ్లు కట్టుకుంటున్నా. మెత్తటి క్రేప్ కట్టు పనికిరాదు, లోపల రేకు ఉండేది కావాలి. ఆరు నెలలు, ఒక్క రాత్రి కూడా లేవలేదు. తిరగబెడితే రెండో సూది కోసం చూడను, మళ్లీ నరాల పరీక్ష చేయించి కోతకే వెళ్తాను.

మా చెల్లెలి కూతురికి ఏడో నెల కడుపుతో ఉన్నప్పుడు ఇలాగే వస్తే పట్టీ ఒక్కటే కట్టించాం, కాన్పయ్యాక తగ్గిపోయింది. చీమకుర్తి క్వారీలో డ్రిల్లింగ్ చేసే మా బావకి మాత్రం రోజంతా ఆ మిషన్ అదురు చేతుల్లోకి కొడుతుంది, బొటనవేలి కండ అప్పుడే కరిగింది, ఆయన ఇంకా "సూది వేయించుకుంటే పోద్దిలే" అంటున్నాడు. ఆయన్ని వచ్చే వారం ఒంగోలులో పరీక్షకి తీసుకెళ్తున్నారు, నేను రోజూ ఫోను చేస్తే ఒప్పుకున్నాడు.

మార్కులు అడిగితే, మొదటి ఇంజెక్షన్‌కి పదికి ఏడు, పరీక్ష లేకుండా వేసిన రెండోదానికి రెండు, ఎడమచేతి ఇంజెక్షన్‌కి తొమ్మిది, ఆపరేషన్‌కి ఎనిమిది. పొగతోట ఆసుపత్రి డాక్టరుగారికి పదికి పది, వెయిటింగ్ హాలుకి మూడు.

వెళ్లేవాళ్లు షుగర్ రిపోర్టు, థైరాయిడ్ రిపోర్టు, అంతకుముందు వేయించుకున్న ఇంజెక్షన్ల తేదీలు రాసుకుని వెళ్లండి, ఆ తేదీలు తప్పకుండా అడుగుతారు. నా దగ్గర చీటీ పోయింది, మాఘం పెళ్లి జాకెట్ల ఆర్డరు పుస్తకం తిరగేసి, ఏ రోజు నుంచి మళ్లీ హెమ్మింగ్ నేనే చేశానో చూసి చెప్పాను.